ఏసీఎఫ్ ఫీల్డులు తెలుగు పేజీలో సరిగ్గా రావాలంటే: డబ్ల్యుపిఎంఎల్, పాలీల్యాంగ్‌లలో ఏ ఫీల్డుకు ఏ సెట్టింగు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇంగ్లీషు మొదటి భాషగా, తెలుగు రెండో భాషగా ఒక ఆసుపత్రి వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్‌లో కట్టారు. డాక్టర్లకు విడిగా పోస్ట్ టైపు పెట్టి, చదువు, ఫీజు, ఓపీ వేళలు, విభాగం, ఫోటో, పరిచయం అన్నీ ఏసీఎఫ్ (అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్, పోస్టులకు అదనపు గడులు చేర్చే ప్లగిన్) ఫీల్డులుగా చేశారు. తెలుగు పేజీలో కొన్ని ఫీల్డులు ఖాళీగా ఉన్నాయి. కొన్ని ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. ఇంగ్లీషు పేజీలో ఫీజు మారిస్తే తెలుగు పేజీలో పాత ఫీజే కనిపిస్తోంది. భాషల కోసం ఇప్పుడు వాడుతున్నది ఉచిత పాలీల్యాంగ్. దాన్ని వదిలి డబ్ల్యుపిఎంఎల్, ట్రాన్స్‌లేట్‌ప్రెస్ లాంటి ఇంకో అనువాద ప్లగిన్‌కు మారాలా అని మీ సందేహం.

ప్లగిన్ మార్చినా ఈ మూడూ పోవు. ఇవి మూడు వేర్వేరు బగ్గుల్లా ఉన్నా మూలం ఒక్కటే: ఏ ఫీల్డు భాషను బట్టి మారాలి, ఏది డాక్టరును బట్టి మాత్రమే మారాలి అన్నది ముందుగా తేల్చుకోలేదు. పరిచయం తెలుగులో ఒకలా, ఇంగ్లీషులో ఒకలా ఉండాలి. ఫీజు ఏ భాషలో చూసినా ఒక్కటే. ఈ విభజన ఫీల్డు ఫీల్డుకూ చేసుకున్నాక సెట్టింగులకు అరగంట కూడా పట్టదు. అది చేయకుండా సెట్టింగులతో ఎంతసేపు కుస్తీ పట్టినా ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది.

ముందు డేటాబేస్‌లో ఏం జరుగుతుందో చూడండి. పోస్టులు ఒక టేబుల్లో, కస్టమ్ ఫీల్డులు పోస్ట్‌మెటా అనే ఇంకో టేబుల్లో ఉంటాయి. పోస్ట్‌మెటాలో ఉండేవి నాలుగే నిలువు వరుసలు: మెటా ఐడీ, పోస్ట్ ఐడీ, మెటా కీ, మెటా విలువ. భాష అన్న వరుస అక్కడ లేనే లేదు. డబ్ల్యుపిఎంఎల్‌లో గానీ పాలీల్యాంగ్‌లో గానీ తెలుగు అనువాదం అంటే వేరే ఐడీతో పుట్టిన వేరే పోస్టు. ఇంగ్లీషు డాక్టరు పేజీ ఐడీ 120 అయితే తెలుగుది 345 కావచ్చు. ఈ రెండూ ఒకే డాక్టరువని గుర్తుపెట్టుకోవడం ప్లగిన్ పని. డబ్ల్యుపిఎంఎల్ అందుకు తన సొంత టేబుల్ వాడుతుంది, పాలీల్యాంగ్ వర్డ్‌ప్రెస్ టాక్సానమీలనే (పోస్టులను వర్గాలుగా విడదీసే ఏర్పాటు) వాడుకుంటుంది. 120కి ఉన్న ఫీజు 345కి దానంతటదే రాదు. దాన్ని ఎవరో ఒకరు కాపీ చేయాలి. ఎప్పుడు చేయాలి, ఒక్కసారా, ప్రతిసారీనా, అసలు చేయకూడదా అన్నదే మీరు ఇచ్చే సెట్టింగు.

ఏసీఎఫ్ ప్రతి ఫీల్డుకూ రెండు వరుసలు రాస్తుంది. ఒకటి విలువ. రెండోది అదే పేరుకు ముందు అండర్‌స్కోర్ పెట్టి, ఆ ఫీల్డు ఏ ఫీల్డు కీకి (ఏసీఎఫ్ ప్రతి ఫీల్డుకూ ఇచ్చే సొంత గుర్తింపు) చెందినదో చెప్పే గుర్తు. ఈ రెండో వరుస తెలుగు పోస్టుకు చేరకపోతే విచిత్రమైన తప్పులొస్తాయి. మామూలు టెక్స్టు ఫీల్డు వచ్చినా రిపీటరు (ఒకే రకం గడుల వరుసను ఎన్నిసార్లైనా చేర్చుకోనిచ్చే ఫీల్డు) మాత్రం వరుసల బదులు ఉత్త 3 అనే అంకె చూపిస్తుంది. ఎందుకంటే రిపీటరు పేరు మీద నిల్వ ఉండేది వరుసల సంఖ్యే. అసలు సమాచారం పేరు_0_ఉపఫీల్డు, పేరు_1_ఉపఫీల్డు అన్న కీల కింద విడివిడిగా ఉంటుంది. 2024లో ఏసీఎఫ్ నుంచి విడివడిన సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్ వాడుతున్నా నిల్వ పద్ధతి ఇదే.

ఇప్పుడు మీ ఫీల్డుల విషయానికి వద్దాం. డబ్ల్యుపిఎంఎల్‌లో ప్రతి ఫీల్డుకూ నాలుగు ఎంపికలుంటాయి. డోంట్ ట్రాన్స్‌లేట్ అంటే ఆ ఫీల్డును ప్లగిన్ ముట్టుకోదు. కాపీ అంటే మూల పోస్టు సేవ్ చేసిన ప్రతిసారీ ఆ విలువ అనువాదంలోకి వెళ్తుంది. కాపీ వన్స్ అంటే అనువాదం పుట్టినప్పుడు ఒక్కసారి వెళ్తుంది, తర్వాత రెండూ ఎవరి దారి వారిది. ట్రాన్స్‌లేట్ అంటే అనువాదకుడి తెరలో ఆ ఫీల్డు కనిపిస్తుంది.

ఫీజు, ఫోన్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు, గూగుల్ మ్యాప్ లింకు: కాపీ. పరిచయం, చికిత్స చేసే జబ్బుల వివరణ: ట్రాన్స్‌లేట్. చదువు మాత్రం ఆలోచించాల్సిన ఫీల్డు. ఎంబీబీఎస్, ఎండీ అని తెలుగు లిపిలో రాయాలనుకుంటే ట్రాన్స్‌లేట్. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచుతామంటే కాపీ. ఆసుపత్రి బోర్డుల మీద రెండు రకాలూ కనిపిస్తాయి కాబట్టి ఇది యాజమాన్యాన్ని అడిగి తేల్చుకోండి. సగం మంది డాక్టర్లకు ఒకలా, సగం మందికి ఇంకోలా ఉంటే మాత్రం పేజీ చూడటానికి అసహ్యంగా ఉంటుంది.

ఫీజు ఫీల్డులో ఉత్త అంకె మాత్రమే ఉండాలి: 500, 1500. రూపాయి గుర్తు, కామా, "మాత్రమే" లాంటి మాటలు అందులో పెట్టకండి. వాటిని టెంప్లేట్‌లో (పేజీ ఎలా కనిపించాలో చెప్పే థీమ్ ఫైలు) చేర్చాలి. ఫీల్డులో గుర్తులు కలిస్తే ఫీజును బట్టి డాక్టర్లను వరుసలో పెట్టడం కుదరదు, ఆ ఫీల్డును కాపీ చేయాలా అనువదించాలా అన్న గందరగోళం కూడా మొదలవుతుంది. కాపీకి కుదిరే ఫీల్డు శుభ్రంగా ఉండాలి. అందులో ఒక్క మాట దూరినా అది అనువాదానికి పోవాల్సిన ఫీల్డు అయిపోతుంది.

విభాగాన్ని టెక్స్టు ఫీల్డుగా పెట్టి ఉంటే ఇప్పుడే మార్చండి. ఒకరు కార్డియాలజీ అని, ఇంకొకరు గుండె విభాగం అని, మరొకరు హృద్రోగ విభాగం అని రాస్తారు. తెలుగు పేజీలో విభాగాన్ని బట్టి వడపోత పెట్టిన రోజున ముగ్గురు డాక్టర్లూ మూడు చోట్ల తేలుతారు. విభాగం టాక్సానమీగా ఉండాలి. రెండు ప్లగిన్లూ టాక్సానమీ పదాలను నేరుగా అనువదించుకోనిస్తాయి, ఒక్కో పదాన్ని ఒక్కసారి అనువదిస్తే అందరు డాక్టర్లకూ అదే వస్తుంది. టాక్సానమీకి మార్చడం కుదరదంటే సెలెక్ట్ ఫీల్డు వాడండి. కానీ సెలెక్ట్‌లో విలువ వేరు, పైకి కనిపించే లేబుల్ వేరు. విలువను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో పొట్టి కీగా పెట్టి, ఫీల్డును కాపీలో ఉంచి, గెట్_ఫీల్డ్ (ఫీల్డులో ఉన్నది తెచ్చే ఏసీఎఫ్ ఫంక్షన్) తిరిగిచ్చేది విలువే అయ్యేలా ఏసీఎఫ్‌లో రిటర్న్ ఫార్మాట్ ఎంచుకోండి. లేబుల్‌ను టెంప్లేట్‌లో అనువాద ఫంక్షన్ ద్వారా చూపించాలి. సెలెక్ట్ ఫీల్డును ట్రాన్స్‌లేట్‌లో పెడితే అనువాదకుడు ఆ కీనే తెలుగులోకి మార్చేస్తాడు. అప్పుడు తెలుగు పోస్టులోని విలువ ఏ ఎంపికతోనూ సరిపోదు. ఎడిటర్ తెరలో ఆ ఫీల్డు ఖాళీగానో, తప్పు ఎంపికతోనో కనబడుతుంది, వడపోత పనిచేయదు. మీరు చెప్పిన "ఖాళీ" ఫీల్డుల్లో సెలెక్ట్‌లు ఉంటే ముందు ఇది చూడండి.

ఓపీ వేళల రిపీటరులోనే చాలామంది ఇరుక్కుంటారు. "సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 10 నుంచి 1" అని మొత్తం ఒకే టెక్స్టుగా రాయించకండి. రోజులకు చెక్‌బాక్స్, మొదలయ్యే వేళకు, ముగిసే వేళకు టైమ్ పికర్, ఏదైనా ప్రత్యేక సూచన ఉంటే దానికి ఒక చిన్న టెక్స్టు. మొదటి మూడూ కాపీ, నాలుగోది ఒక్కటే ట్రాన్స్‌లేట్. రోజుల పేర్లు టెంప్లేట్ చూసుకుంటుంది. వేళలు మారినప్పుడు ఇంగ్లీషు పేజీలో మారిస్తే చాలు. తెలుగు పేజీ చూసి వచ్చిన రోగి ఖాళీ గది ముందు కూర్చునే పరిస్థితి రాదు. ఆసుపత్రి సైటులో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ఫీల్డు అని గట్టిగా చెబుతున్నాను.

రిపీటరు తల్లి ఫీల్డును ఎప్పుడూ ట్రాన్స్‌లేట్‌లో పెట్టకూడదు. దానిలో ఉండేది వరుసల సంఖ్య కాబట్టి అనువాదకుడికి 3 అనే అంకె వెళ్తుంది. తల్లి ఫీల్డు కాపీ, లేదా రెండు భాషల్లో వరుసల సంఖ్య వేరుగా ఉండాలంటే కాపీ వన్స్. ఇంకో తిప్పలు వరుసలను పైకీ కిందికీ జరిపినప్పుడు వస్తుంది. ఇంగ్లీషులో మొదటి వరుసను రెండోదిగా లాగితే 0, 1 అన్న కీల విలువలు తారుమారవుతాయి. వేళలు కాపీ అవుతాయి గానీ, తెలుగు సూచన ఉన్నచోటే ఉంటుంది. ఫలితంగా "ముందుగా ఫోన్ చేయాలి" అన్నది తప్పు వేళ పక్కన పడుతుంది. డబ్ల్యుపిఎంఎల్ ఇచ్చే ఏసీఎఫ్ అనుబంధ ప్లగిన్‌లో రిపీటరు వరుసల క్రమాన్ని అన్ని భాషల్లో ఒకేలా ఉంచే టిక్ ఉంటుంది, అది పెట్టండి. ఉచిత పాలీల్యాంగ్‌లో అలాంటిది లేదు. వరుసలు జరిపితే తెలుగు పేజీని చేత్తో సరిచూసుకోవాల్సిందే.

డబ్ల్యుపిఎంఎల్ వాడేటట్టయితే క్రమం ఇలా పెట్టుకోండి. మొదట సెట్టింగుల్లో డాక్టర్ల పోస్ట్ టైపును, విభాగం టాక్సానమీని అనువదించదగినవిగా మార్చండి. ఇది మరచిపోయి ఫీల్డుల దగ్గర వెతికేవారు చాలామంది. తర్వాత ప్రధాన ప్లగిన్‌తో పాటు స్ట్రింగ్ ట్రాన్స్‌లేషన్, ఏసీఎఫ్ మల్టీలింగ్వల్ రెండూ యాక్టివేట్ అయి ఉన్నాయో లేదో చూడండి. ఏసీఎఫ్ మల్టీలింగ్వల్ 2.0 నుంచి ఫీల్డు గ్రూపు స్థాయిలోనే మూడు ఎంపికలున్నాయి: అన్ని భాషల్లో ఒకే ఫీల్డులు, భాషకొక రకం ఫీల్డులు, ఎక్స్‌పర్ట్. మీకు ఎక్స్‌పర్ట్ కావాలి. మొదటిది ఎంచుకుంటే ఏది కాపీ, ఏది ట్రాన్స్‌లేట్ అన్నది ఫీల్డు రకాన్ని బట్టి ప్లగినే నిర్ణయిస్తుంది. అది చాలా సైట్లకు సరిపోతుంది గానీ, పైన చెప్పిన చదువు లాంటి టెక్స్టు ఫీల్డును కాపీలో పెట్టాలంటే పగ్గాలు మీ చేతిలో ఉండాలి.

సెట్టింగు మార్చిన వెంటనే తెలుగు పేజీలు మారిపోవు. ఇది తెలియక "కాపీ పెట్టినా పనిచేయడం లేదు" అంటారు. మూల పోస్టును మళ్లీ సేవ్ చేసినప్పుడే కాపీ జరుగుతుంది. ట్రాన్స్‌లేట్‌కు మార్చిన ఫీల్డు కూడా అంతే: ఇంగ్లీషు పోస్టును అప్‌డేట్ చేసి, అనువాదాన్ని మళ్లీ తెరిస్తేనే కొత్త ఫీల్డు అనువాద ఎడిటర్‌లో కనబడుతుంది. ఇంకొక హెచ్చరిక. డబ్ల్యుపిఎంఎల్ అనువాద ఎడిటర్‌లో చేసిన పేజీని ఆ తర్వాత మామూలు వర్డ్‌ప్రెస్ ఎడిటర్‌లో దిద్దకండి. తర్వాత ఎప్పుడైనా అనువాద ఎడిటర్‌లో సేవ్ చేస్తే మీ దిద్దుబాట్లు పోతాయి. ఆసుపత్రి సిబ్బందికి ఏ ఎడిటర్ వాడాలో ముందే చెప్పి, రెండోదాన్ని వాళ్లకు అందకుండా చేయడం మేలు.

మీరు ఇప్పుడు వాడుతున్నది ఉచిత పాలీల్యాంగ్ కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా. లాంగ్వేజెస్ మెనూ సెట్టింగుల్లో సింక్రనైజేషన్ కింద కస్టమ్ ఫీల్డ్స్ అని ఒక టిక్ ఉంటుంది. అది పెడితే అండర్‌స్కోర్‌తో మొదలవని ఫీల్డులన్నీ రెండు పోస్టుల మధ్య సింక్ అవుతాయి. రెండు విషయాలు గమనించండి. ఒకటి, అన్నీ సింక్ అవుతాయి, పరిచయం కూడా. రెండు, సింక్ రెండు వైపులా నడుస్తుంది. తెలుగు పేజీలో పరిచయాన్ని తెలుగులో రాసి సేవ్ చేస్తే ఇంగ్లీషు పేజీలోకి కూడా తెలుగే వెళ్తుంది; ఎవరో ఇంగ్లీషు సరిచేస్తే తెలుగు పోతుంది. కొన్ని ఫీల్డులు ఇంగ్లీషులోనే ఉండిపోతున్నాయన్నారు కదా, ఈ టిక్ ఉందేమో చూడండి. ఇక ఫీజు పాతదే ఉండిపోతోందంటే, ఆ టిక్ అసలు పెట్టి ఉండరు, లేదా తర్వాత ఎవరో తీసేసి ఉంటారు.

ఉచిత పాలీల్యాంగ్‌లో దీనికి సరైన మందు డబ్ల్యుపిఎంఎల్-కాన్ఫిగ్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు. పేరు డబ్ల్యుపిఎంఎల్‌దే అయినా పాలీల్యాంగ్ కూడా దాన్ని చదువుతుంది. డబ్ల్యుపి-కంటెంట్ ఫోల్డరులో పాలీల్యాంగ్ పేరుతో ఒక ఫోల్డరు చేసి ఫైలును అందులో పెడితే థీమ్ అప్‌డేట్‌లో అది పోదు. ఫైలులో కస్టమ్-ఫీల్డ్స్ ట్యాగు లోపల ఒక్కో ఫీల్డుకు ఒక్కో కస్టమ్-ఫీల్డ్ ట్యాగు రాసి, యాక్షన్ దగ్గర కాపీ, కాపీ-వన్స్, ట్రాన్స్‌లేట్, ఇగ్నోర్‌లలో ఒకటి ఇవ్వాలి. పాలీల్యాంగ్ కాపీని ఎప్పటికీ సింక్‌గా తీసుకుంటుంది. ట్రాన్స్‌లేట్‌ను, కాపీ-వన్స్‌ను ఒకేలా చూస్తుంది: అనువాదం తయారైనప్పుడు ఒకసారి విలువ తెచ్చి, తర్వాత వదిలేస్తుంది. ఇగ్నోర్ అంటే అసలు తేదు. ఏసీఎఫ్ అండర్‌స్కోర్ గుర్తు వరుసలను కూడా ఇందులో కాపీగా రాసుకోండి. మామూలు సింక్ వాటిని వదిలేస్తుందని పైన చెప్పాను కదా. రిపీటరు కీలలో అంకెలు మారుతుంటాయి కాబట్టి వాటిని ఫైలులో ఒక్కొక్కటిగా రాయలేరు. వాటికి పీఎల్ఎల్_కాపీ_పోస్ట్_మెటాస్ అనే ఫిల్టర్ (ప్లగిన్ పనితీరును మన కోడ్‌తో మార్చుకోనిచ్చే ఏర్పాటు) వాడి, సూచన అనే మాటతో ముగిసే కీలను సింక్ సమయంలో జాబితా నుంచి తీసేయాలి. ఆ ఫిల్టర్‌కు వచ్చే రెండో విలువ ఇది సింకా, మొదటి కాపీయా అన్నది చెబుతుంది. దాన్ని చూడకుండా తీసేస్తే కొత్త అనువాదాలకు కూడా ఆ ఫీల్డు రాదు. పాలీల్యాంగ్ ప్రోలో అయితే ఈ తలనొప్పి లేదు, ఏసీఎఫ్ ఫీల్డు సెట్టింగుల్లోనే ఎంపిక ఉంటుంది. ఫీల్డులు పది దాటి, రిపీటర్లు కూడా ఉంటే ప్రో కొనడమో, డబ్ల్యుపిఎంఎల్‌కు మారడమో చేయండి. మూడు నాలుగు ఫీల్డులకైతే ఎక్స్ఎంఎల్ ఫైలు చాలు.

ఏ ప్లగిన్ అయినా ఏసీఎఫ్ ఫీల్డు గ్రూపు ఎక్కడ కనిపించాలో చెప్పే రూల్ చూసుకోండి. "పేజీ ఫలానాదైతే" అన్న రూల్ ఐడీ మీద నడుస్తుంది. తెలుగు పేజీ ఐడీ వేరు కాబట్టి అక్కడ ఎడిటర్‌లో ఫీల్డులు కనబడకపోవచ్చు. పోస్ట్ టైపు లేదా పేజీ టెంప్లేట్ మీద రూల్ పెడితే ఈ బాధ ఉండదు. ఫీల్డు గ్రూపులనే అనువదించదగిన పోస్ట్ టైపుగా మార్చే పని మాత్రం చేయకండి. రెండు భాషలకు రెండు గ్రూపులు తయారై, కీలు వేరైపోతాయి.

ఐడీలు దాచుకునే ఫీల్డులు ఇంకో రకం. రిలేషన్‌షిప్, పోస్ట్ ఆబ్జెక్ట్ ఫీల్డుల్లో "ఈ డాక్టరుతో పనిచేసే ఇతర డాక్టర్లు" లాంటివి పెడితే లోపల ఉండేది ఇంగ్లీషు పోస్టుల ఐడీలు. అవి అలాగే కాపీ అయితే తెలుగు పేజీ నుంచి నొక్కినవాళ్లు ఇంగ్లీషు పేజీలోకి వెళ్తారు. డబ్ల్యుపిఎంఎల్ ఏసీఎఫ్ అనుబంధం కాపీ సమయంలో వీటిని తెలుగు ఐడీలుగా మారుస్తుంది. ఉచిత పాలీల్యాంగ్‌లో టెంప్లేట్‌లోనే ప్రతి ఐడీని పీఎల్ఎల్_గెట్_పోస్ట్ (అనువాద పోస్టు ఐడీ ఇచ్చే పాలీల్యాంగ్ ఫంక్షన్) గుండా పంపి, తెలుగు పోస్టు లేకపోతే మూల ఐడీని వాడుకోవాలి. ఫోటోల విషయంలో పాలీల్యాంగ్ మీడియా అనువాదాన్ని ఆపేస్తే ఒకే బొమ్మ రెండు చోట్లా వస్తుంది, పని తేలిక. కాకపోతే ఆల్ట్ టెక్స్టు (బొమ్మ కనబడనివారికి దాని బదులు అందే వివరణ) కూడా ఇంగ్లీషులోనే ఉంటుంది. డాక్టరు పేరును టెంప్లేట్ నుంచి ఆల్ట్‌గా ఇస్తే ఆ లోటు తీరుతుంది.

ఆసుపత్రి చిరునామా, అత్యవసర నంబరు ఏసీఎఫ్ ఆప్షన్స్ పేజీలో (సైటంతటికీ వర్తించే విలువలు ఉంచే చోటు) ఉంటే, డబ్ల్యుపిఎంఎల్ ఉన్నచోట తెలుగు విలువ వేరే పేరుతో నిల్వ అవుతుంది. ఎడ్మిన్ పైపట్టీలో భాషను తెలుగుకు మార్చి ఆప్షన్స్ పేజీ సేవ్ చేయాలి. అత్యవసర నంబరు మారినప్పుడు రెండు భాషల్లోనూ సరిచూసుకోవడం మరచిపోకండి. ఉచిత పాలీల్యాంగ్‌లో ఏసీఎఫ్ కరెంట్_లాంగ్వేజ్, డిఫాల్ట్_లాంగ్వేజ్ సెట్టింగులకు ఫిల్టర్ రాస్తే ఇదే పద్ధతి పనిచేస్తుంది.

తెలుగు విలువ ఖాళీగా ఉంటే ఇంగ్లీషుది చూపించాలని టెంప్లేట్‌లో రాసేటప్పుడు పీహెచ్‌పీ ఎంప్టీ ఫంక్షన్ వాడకండి. దానికి "0" కూడా ఖాళీయే. ఉచిత ఓపీ ఇచ్చే డాక్టరు ఫీజు 0 అయితే, దాన్ని ఖాళీ అనుకుని ఇంకెక్కడినుంచో తెస్తుంది. నల్, ఖాళీ స్ట్రింగ్ రెంటితో విడిగా పోల్చండి. "ఫీజు", "ఓపీ వేళలు" అనే శీర్షికలు ఫీల్డులు కావు, టెంప్లేట్ మాటలు. వాటిని థీమ్ అనువాద ఫైలులోనో స్ట్రింగ్ అనువాదంలోనో చేయాలి.

ట్రాన్స్‌లేట్‌ప్రెస్ సంగతి కూడా అడిగారు. అది వేరే పోస్టు తయారు చేయదు. తయారైన పేజీలోని మాటలను పట్టి, వాటి అనువాదాన్ని తన టేబుల్లో దాచుకుంటుంది. కాబట్టి కస్టమ్ ఫీల్డులకు విడిగా ఏమీ చేయనక్కరలేదు, ఫీజు ఎప్పుడూ ఒకటే ఉంటుంది. బదులుగా ఇంగ్లీషు వాక్యంలో ఒక అక్షరం దిద్దినా దాని తెలుగు అనువాదం ఊడిపోయి మళ్లీ చేయాల్సి వస్తుంది. పదిమంది డాక్టర్ల చిన్న సైటుకు అది బాగానే ఉంటుంది. విభాగాల వారీ వెతుకులాట ఉన్న మీ సైటుకు నేను సూచించను.

ఇప్పటికే పాడైన పేజీలను ఇలా పట్టుకోండి. తెలుగు పోస్టును ఎడిట్‌లో తెరిచి అడ్రసు బార్‌లో దాని ఐడీ చూసుకోండి. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో పోస్ట్‌మెటా టేబుల్ తెరిచి ఆ ఐడీ వరుసలు మాత్రం వడగట్టండి. కావలసిన ఫీల్డు వరుసే లేకపోతే కాపీ జరగలేదు. వరుస ఉండి అందులో ఇంగ్లీషు ఉంటే సింక్ దాన్ని తొక్కేసింది. వరుసలో సరైన తెలుగే ఉండి పేజీలో ఇంగ్లీషు వస్తే తప్పు టెంప్లేట్‌లో ఉంది: ఎక్కడో ఐడీని అంకెగా రాసేసి ఉంటారు, లేదా క్యాషే పాత పేజీ చూపుతోంది. వరుసలో తెలుగుకు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే డేటాబేస్ క్యారక్టర్ సెట్ తప్పు, దాన్ని యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి. అలా పోయిన అక్షరాలు మాత్రం తిరిగి రావు, మళ్లీ టైపు చేయించాలి.

డాక్టర్లు ఎక్కువమంది ఉంటే ఒక్కొక్కరినీ తెరిచి సేవ్ చేయనక్కరలేదు. ముందు డేటాబేస్ బ్యాకప్ తీయండి. డబ్ల్యుపిఎంఎల్‌లో డబ్ల్యుపిఎంఎల్_సింక్_ఆల్_కస్టమ్_ఫీల్డ్స్ అనే యాక్షన్‌ను ఇంగ్లీషు పోస్టుల ఐడీలన్నిటి మీదా చిన్న లూపులో నడపండి. పాలీల్యాంగ్‌లో అయితే లూపులో పీఎల్ఎల్_గెట్_పోస్ట్‌తో తెలుగు ఐడీ తెచ్చుకుని, ఏసీఎఫ్ అప్‌డేట్_ఫీల్డ్‌తో కాపీ ఫీల్డులను మాత్రం రాయండి. ఫీల్డు పేరు కాకుండా ఫీల్డు కీ ఇవ్వండి, అప్పుడు అండర్‌స్కోర్ గుర్తు వరుస కూడా పడుతుంది. ముందు ఒక్క డాక్టరు మీద నడిపి, ఆ పోస్ట్‌మెటా వరుసలు చూసి, ఆ తర్వాతే మిగతావాటి మీద నడపండి.

ఒకటి మిగిలింది. తెలుగు పేజీల లింకుల్లో తెలుగు అక్షరాలు పెట్టేటట్టయితే, స్లగ్‌లో (లింకులో ఆ పోస్టును గుర్తించే భాగం) ఒక్కో తెలుగు వర్ణం 9 అక్షరాల సంకేతంగా మారుతుంది. నిల్వ చోటు 200 అక్షరాలే కాబట్టి 22 వర్ణాలు దాటితే తెగిపోతుంది. గుణింతాలూ, పొల్లూ విడివిడిగా లెక్కకొస్తాయి. డాక్టరు పూర్తి పేరు, బిరుదులు కలిపితే ఆ హద్దు ఇట్టే దాటుతుంది. స్లగ్‌లో ఇంటిపేరు, పేరు మాత్రం ఉంచండి.